మూడు వారాలన్నారు, నాలుగో నెల నడుస్తోంది

ఈసారి వచ్చిన ఉత్తరం తొమ్మిది పేజీలు. పేరూ ఊరూ రాయొద్దన్నారు, రాయను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి, సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

రాసినావిడకు నలభై దాటాయి. భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మూడు గదుల ఇల్లు. వాళ్ల సంఘం నుంచి ఒక కుటుంబం మిషనరీలుగా సముద్రం దాటి వెళ్లబోతోంది. భార్యాభర్తలు, పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, రెండేళ్ల చంటివాడు. వాళ్లు ఉద్యోగం వదిలేశారు, అద్దె ఇల్లు ఖాళీ చేశారు, సామాను అమ్మేశారు. "ప్రయాణం దాకా మూడు వారాలు ఎవరైనా ఉంచుకోగలరా?" అని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఈవిడ భర్త చెయ్యెత్తాడు. తనవైపు చూసి ఎత్తాడా, ఎత్తాక చూశాడా అన్నది ఈవిడకు ఇప్పటికీ తేలలేదట.

వీసా రాలేదు. "వచ్చే వారం" అన్నారు. ఆ వచ్చే వారం పద్నాలుగు వారాలుగా వస్తూనే ఉంది. పరీక్షలున్న పెద్దబ్బాయి తన గది ఇచ్చేసి, హాల్లో పెట్టెల మధ్య కూర్చుని చదువుతున్నాడు. సాయంత్రమైతే వీడ్కోలు చెప్పడానికో ప్రార్థన చేయడానికో ఎవరో ఒకరు వస్తారు. వచ్చినవాళ్లందరికీ వండేదీ, వాళ్లు వెళ్లాక గిన్నెలు తోమేదీ ఈవిడే. ఇంటిఖర్చు రెట్టింపైంది. దాని గురించి ఆ కుటుంబం ఎత్తలేదు, ఈవిడా అడగలేదు, దేవుని సేవకుల్ని డబ్బడగడం ఏమిటని. భర్తతో అంటే, "దేవుడు చూసుకుంటాడు" అని చెప్పులేసుకుని పనికి వెళ్లిపోతాడు. "చూసుకునేది నేనండీ" అని రాశారు. ఆ వాక్యం కింద రెండు గీతలున్నాయి.

అసలు సంగతి ఐదో పేజీలో ఉంది. ఒక రాత్రి ఒంటిగంటకు దాహమేసి లేస్తే వంటగదిలో లైటు వెలుగుతోంది. ఆ మిషనరీ భార్య చీకట్లో కూర్చోలేక లైటేసుకుని, నేలమీద గోడకానుకుని ఏడుస్తోంది. ఈవిడకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. అయినా సంఘంలో అందరూ ఆ అమ్మాయిని "అమ్మగారూ" అనే పిలుస్తారు. ఆ రాత్రి ఆ అమ్మాయి ఈవిడను మొదటిసారి "అక్కా" అంది. "నేను వెళ్లలేనక్కా. ఆయనకు చెప్పలేను. మీరూ ఎవరికీ చెప్పొద్దు" అని చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది.

ఆనాటి నుంచి ఈవిడకు నిద్ర లేదు. పొద్దున హాల్లో ఆ బ్రదర్‌గారు "మేమిద్దరం ఏకమనసుతో ఈ పిలుపుకు లోబడ్డాం" అని సాక్ష్యం చెబుతుంటే తల ఎత్తలేకపోతున్నారు. చివరి పేజీలో మూడు ప్రశ్నలు వేశారు. వాళ్లను ఇక వెళ్లమనడం పాపమా? ఆ అమ్మాయి మాట ఎవరికైనా చెప్పాలా? నా మనసెందుకింత చెడ్డదైపోయింది?

* * *

అమ్మా,

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, దాని జవాబు చిన్నది కాబట్టి. పద్నాలుగు వారాలు కంటినిండా నిద్రలేని మనిషి మనసు ఎలాంటిదో ఎవరూ తీర్పు చెప్పకూడదు, ఆ మనిషి కూడా చెప్పుకోకూడదు. నిద్ర పట్టాక మళ్లీ చూసుకోండి.

నేను పెరిగిన ఇంటికి సేవకుల రాకపోకలు ఎక్కువ. మా అమ్మ ఒక్కరోజు కూడా విసుక్కుని ఎరగదు. "ఇదేం కష్టం" అనేది. కానీ గిన్నెలు దించే చప్పుడునుబట్టి వచ్చినవాళ్లకిది ఎన్నో రోజో మేం పిల్లలం లెక్క చెప్పేవాళ్లం. నాలుగోరోజు చప్పుడు వేరు, పదోరోజు చప్పుడు వేరు. వచ్చినవాళ్లకూ అది వినబడే ఉంటుందని నాకు పెద్దయ్యాక తట్టింది. మీ ఇంట్లోనూ వినబడుతూనే ఉంటుంది, అందుకే చెబుతున్నాను. నోటితో చెప్పని మాట గిన్నెలు చెప్పేస్తాయి. అది మీరు చెప్పాలనుకున్న తీరులో కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. పాపమా అని అడిగారు. మీరు విశ్వాసులు కాబట్టి ఆ దారిలోనే వస్తాను. అతిథి ఎన్నాళ్లుండాలన్న పేచీ మీ ఇంట్లో మొదలైంది కాదు, సంఘం పుట్టిన కొత్తలోనే ఉంది. ఊరూరా తిరిగే బోధకుల్ని ఎలా చూసుకోవాలో చెప్పే డిడాకే అనే పాత గ్రంథం ఒకటుంది. మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిందంటారు. వచ్చినవాణ్ని ప్రభువునే చేర్చుకున్నట్టు చేర్చుకోమంటుంది. వెంటనే, ఒకరోజు ఉంచుకోండి, అవసరమైతే రెండోరోజు, మూడోరోజు కూడా ఉన్నాడంటే వాడు అబద్ధ ప్రవక్త అంటుంది. అంత కరకుగా ఉండమని నేను చెప్పడం లేదు. వీసా రాకపోవడం ఆ కుటుంబం తప్పు కూడా కాదు. నాకు ఆసక్తిగా అనిపించేది వేరే విషయం. అంత భక్తిగల మనుషులు ఆతిథ్యానికి హద్దు రాసుకోవడానికి సిగ్గుపడలేదు. హద్దు రాసుకున్నారంటే, మీలాంటి ఇల్లాళ్లు అప్పటికే ఎంతమంది నలిగి ఉండాలి!

బైబిల్లో అపొస్తలుడు పౌలు ప్రయాణాలు చూసినా అంతే. మెలితే ద్వీపంలో పొప్లి అనే ఆయన ఇంట్లో మూడు రోజులు, తూరులో ఏడు రోజులు. కైసరయలో ఫిలిప్పు ఇంట్లో అనేక దినాలు అని ఉంది, ఎన్నో చెప్పలేదు. కొరింథులో మాత్రం చాలాకాలం ఉండాల్సి వచ్చింది. అక్కడ అకుల ప్రిస్కిల్లల ఇంట్లో కూర్చుని తినలేదు, వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. నాలుగు రోజుల అతిథి వేరు, నాలుగు నెలలు కలిసి బతికే మనిషి వేరు. మీ ఇంట్లో ఉన్నవాళ్లు ఎప్పుడో రెండో రకంలోకి వచ్చేశారు. మీరు మాత్రం ఇంకా మొదటి రకం మర్యాదలు చేస్తున్నారు. మీ నడుం విరుగుతున్నది అందుకేనని నా అనుమానం.

బైబిల్లోని యోహాను మూడో పత్రికలో, అంటే ఉత్తరంలో, గాయు అనే ఆయన ఉన్నాడు, ముక్కూమొహం తెలియని సేవకుల్ని ఇంట్లో చేర్చుకున్నవాడు. ఆయనతో ఆ ఉత్తరం రాసిన పెద్దాయన అనేది, వాళ్లను దేవునికి తగినట్టు సాగనంపమని. ఉంచుకోవడం ఎంతో సాగనంపడమూ అంతే. వెళ్లే తేదీ ఎప్పుడని అడగడం ఆ పనిలో భాగమే. కాబట్టి అడగడం పాపం కాదని నా లెక్క.

ఎవరు అడగాలి? మీవారు. చెయ్యెత్తిన మనిషే నోరు కూడా విప్పాలి. మీరడిగితే "ఇల్లాలికి ఇష్టం లేదు" అయిపోతుంది, రేపు సంఘంలో ఆ మాటే తిరుగుతుంది. ఆయన అడిగితే ఇంటి మాట అవుతుంది. ముందు మీరిద్దరూ కూర్చోవాలి. ఇంట్లో కాదు, ఆ ఇంట్లో మీకు మాట్లాడుకునే చోటు మిగల్లేదు. బయటికి నడకకు వెళ్లండి. ఖర్చు రాసిన కాగితం తీసుకెళ్లండి. "నాకు కష్టంగా ఉంది" అంటే ఆయన "దేవుడు చూసుకుంటాడు" అంటాడు. కాబట్టి ఆ మాటతో మొదలుపెట్టకుండా, "అబ్బాయి పరీక్షలకు ఇన్ని వారాలే ఉన్నాయి, వాడి బల్ల మీద పెట్టెలున్నాయి, మనం ఏం చేద్దాం?" అని అడగండి. జవాబు చెప్పక తప్పని ప్రశ్న అది.

ఆ తర్వాత మీవారు బ్రదర్‌గారితో కూర్చుని "ఎప్పుడు వెళ్తున్నారు?" అని కాకుండా, విషయం ఎక్కడ ఆగిందో అడగాలి. దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, ఏ కాగితం కోసం చూస్తున్నారు, పంపే సంస్థలో దీన్ని చూస్తున్నది ఎవరు. ఇది కేవలం కుతూహలం కాదు. చాలా దేశాలు పోలీసు ధ్రువపత్రాన్నీ వైద్యపరీక్ష నివేదికనూ కొన్ని నెలలే ఒప్పుకుంటాయి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. వీసా ఆలస్యమైతే ఒక్కో కాగితానికి గడువు తీరిపోయి పని మళ్లీ మొదటికి వస్తుంది. ఎల్లో ఫీవర్ టీకా ఒక్కటి నయం. దాని ధ్రువపత్రం 2016 జులై నుంచి జీవితాంతం చెల్లుతోంది. కాకపోతే ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ఉండాలి. ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి చూస్తే "వచ్చే వారం" అన్నది నిజమో ఆశో మీ ఇద్దరికీ, వాళ్లిద్దరికీ తెలుస్తుంది. చాలాసార్లు వాళ్లే ఆ లెక్క వేసుకోవడానికి భయపడుతుంటారు.

లెక్క తేలాక మీ ముందు కొన్ని దారులున్నాయి.

ఇప్పుడున్నట్టే ఉండటం ఒకటి. వీసా నిజంగా పది రోజుల్లో వచ్చేదైతే నేను ఇదే చేస్తాను. మూడు నెలలు మోసి ఆఖరి పది రోజుల్లో మాట పోగొట్టుకోవడం ఎందుకు? కానీ పది రోజులు నెలైతే అన్న ప్రశ్నకు జవాబు ముందే అనుకోవాలి.

వేరే ఇంటికి వెళ్లమనడం మరొకటి. సంఘంలో ఇంకో కుటుంబమో, పంపే సంస్థవాళ్ల అతిథి గృహమో, నెలకు అద్దెకు దొరికే చిన్న ఇల్లో. మీకు ఊపిరాడుతుంది. అబ్బాయికి గది వస్తుంది. కానీ ఆ పిల్లలకు ఇది ఏడాదిలో మూడో ఇల్లు అవుతుంది, రేపు విమానం దిగాక నాలుగోది. చంటివాడికి తెలియదు. పదకొండేళ్లవాడు బయటపడడు. ఏడేళ్ల పాప మాత్రం అడుగుతుంది, "మనం ఏం తప్పు చేశాం?" అని. వాళ్లమ్మ చేతిలో ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఈ దారి పట్టేటట్టయితే కనీసం రెండు వారాల ముందు చెప్పండి, ఎక్కడికో ముందే చూసిపెట్టి చెప్పండి. కొత్త ఇంటికి పాపను ముందే ఒకసారి మీరే తీసుకెళ్లి చూపించండి.

మూడో దారి వాళ్లు ఉంటారు, ఇల్లు నడిచే తీరు మారుతుంది. నాకు మొగ్గు ఇటే ఉంది, దాచుకోను. పెట్టెలు మీ హాల్లోంచి సంఘంలో ఎవరి ఖాళీ గదిలోకో పోవాలి. వీడ్కోలు చెప్పేవాళ్లు మీ ఇంటికి కాకుండా వారంలో ఒక సాయంత్రం ఆరాధనా స్థలానికి రావాలి, ఆ సంగతి పాస్టరుగారి నోట ప్రకటన రూపంలో రావాలి. అబ్బాయి గది అబ్బాయికి తిరిగి రావాలి, పిల్లలు కాస్త ఇరుక్కుని పడుకున్నా సరే. వంట వారంలో మూడు రోజులు వాళ్లది, ఆ మూడు రోజులూ మీరు వంటగదిలోకి వెళ్లకూడదు. ఇది మీకే కష్టం, నాకు తెలుసు. ఖర్చు సంగతి మీవారు తెరిచి మాట్లాడాలి. చందాలతో వెళ్లే మిషనరీల దగ్గర డబ్బు ఉన్నట్టే ఉంటుంది కానీ అందులో చాలావరకు అక్కడి పనికని ఇచ్చినది, ముట్టుకోవడానికి జంకుతారు. ప్రయాణానికి ముందు రోజుల కోసం సంస్థ విడిగా ఏమైనా ఇస్తుందా అని అడగడంలో తప్పు లేదు. ఇవ్వకపోతే సంఘం భరించాలి. ఆ ఆదివారం మాట్లాడకుండా కూర్చున్నవాళ్లందరికీ ఇందులో వంతు ఉంది. ఇదంతా ఆరు వారాలకు. ఆరు వారాలయ్యాక మళ్లీ నలుగురూ కూర్చోవాలి. ఆ తేదీ గోడమీద క్యాలెండరులో గుండ్రంగా చుట్టి ఉండాలి.

దీనివల్ల చెడు కూడా ఉంది. మీరిద్దరూ కఠినులన్న పేరు కొంత వస్తుంది. బ్రదర్‌గారు నొచ్చుకోవచ్చు, "భారమయ్యామా?" అనవచ్చు. అప్పుడు మీవారు "అబ్బే, లేదు లేదు" అన్నారంటే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. "కాస్త భారమే, కానీ మోద్దామనే ఈ ఏర్పాటు" అనగలరా? ముందే అనిపించి చూడండి.

ఇప్పుడు రెండో ప్రశ్న. రాత్రి ఒంటిగంట మాట.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదో పేజీలో ఆ అమ్మాయి "నేను వెళ్లలేనక్కా" అందని రాశారు. ఏడో పేజీకి వచ్చేసరికి మీరే "ఆవిడ వెళ్లనంటోంది, ఆయనేమో ఏకమనసంటున్నాడు" అని రాశారు. వెళ్లలేను వేరు, వెళ్లను వేరు కదమ్మా. మొదటిది భయం కావచ్చు, అలసట కావచ్చు, పద్నాలుగు వారాలు పరాయి ఇంట్లో చంటిపిల్లాడితో ఒదిగి ఒదిగి బతికిన మనిషి ఒంట్లోంచి వచ్చిన మాట కావచ్చు. సముద్రం దాటే ముందు ఏడవని తల్లి ఉండదు. రెండోది నిర్ణయం. ఆ అమ్మాయి ఏ మాట అందో మీకు ఖాయంగా తెలియకుండా అది ఎవరి చెవినా వేయకండి. ఎందుకంటే ఆ మాట మీ నోటి నుంచి పాస్టరుగారి దగ్గరికి, ఆయన నుంచి సంస్థకు చేరేలోగా "వెళ్లలేను" తప్పకుండా "వెళ్లను" అయిపోతుంది. మీ ఉత్తరంలో రెండు పేజీల్లోనే అయిపోయింది.

అలాగని ఒట్టు వేశాను కదా అని గుండెల్లో పెట్టుకుని కూర్చోమనీ అనను. ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి.

ఇంగ్లండు నుంచి మన దేశానికొచ్చిన మిషనరీ విలియం కేరీ పేరు మీ సంఘంలో చంటిపిల్లలకు కూడా తెలిసి ఉంటుంది. ఆయన భార్య డొరొతీ పేరు ఎంతమందికి తెలుసో? ఆయన ఇండియాకు వెళ్తానన్నప్పుడు ఆవిడ రానంది. కడుపుతో ఉంది. 1793 ఏప్రిల్లో ఆయన పెద్ద కొడుకును వెంటబెట్టుకుని, స్నేహితుడు థామస్‌తో కలిసి ఓడ ఎక్కాడు. ఇంగ్లండు తీరం దాటకముందే దిగిపోవాల్సి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేదు, పైగా థామస్‌కు అప్పుల గొడవ. అంటే వీసా రాక ఆగిపోవడం మిషనరీలకు కొత్త కాదన్నమాట. ఆ ఎదురుచూపుల్లోనే డొరొతీ ప్రసవించింది. వాళ్లు ఇంటికి వెళ్లి మళ్లీ అడిగారు. కాదంది. దారిలోంచి థామస్ ఒక్కడే వెనక్కి వెళ్లి, ఇప్పుడు రాకపోతే బతికినంతకాలం బాధపడతావని ఒత్తిడి పెట్టాడు. నెల కూడా నిండని పసిగుడ్డు, ఇంకో ముగ్గురు మగపిల్లలు. చెల్లెలు తోడొస్తే వస్తానని ఒప్పుకుంది. ఇంటి సామాను సర్దడానికి ఒక్క రోజు దొరికింది. జూన్ 13న డెన్మార్క్ ఓడలో బయల్దేరి నవంబరులో కలకత్తా చేరారు. మరుసటేడు ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆవిడకు మతి చెదిరింది, కోలుకోలేదు. 1807లో పోయింది. పక్క గదిలో ఆవిడ అరుస్తుంటే ఈ గదిలో ఆయన అనువాదం చేసుకునేవాడు.

ఆ జబ్బుకు ఆ ఒక్క రోజే కారణమని నేననను, అలా అనడానికి ఎవరికీ హక్కు లేదు. మీ దగ్గరున్న అమ్మాయికీ అలాగే అవుతుందని భయపెట్టడానికీ చెప్పలేదు. డొరొతీ "రాను" అన్నది రెండుసార్లు. విన్నవాళ్లంతా దాన్ని ఎలా "వస్తాను" చేయించాలా అని చూసినవాళ్లే. ఎందుకు రానంటున్నావని కూర్చుని అడిగిన మనిషి ఒక్కరు ఉండి ఉంటే అనిపిస్తుంది నాకు. మీ వంటగదిలో ఆ రాత్రి ఆ అమ్మాయికి అలాంటి మనిషి దొరికింది.

కాబట్టి మీరు చేయగలిగినది, మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లడం. మగవాళ్లిద్దరూ ఇంట్లో లేని పూట, పిల్లల్ని మీ అత్తగారికి అప్పగించి, "ఆ రాత్రి నువ్వన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదమ్మాయ్. వెళ్లడానికి భయమా, వెళ్లడమే ఇష్టం లేదా?" అని సూటిగా అడగండి. తర్వాత మాట్లాడకండి. మధ్యలో వాక్యం చెప్పకండి, ప్రార్థన కూడా తర్వాత. ఆ అమ్మాయి చుట్టూ వాక్యం చెప్పేవాళ్లకు కొదవ లేదు.

భయమైతే, దేనికి భయమో పేరు పెట్టించండి. పిల్లలకు జబ్బు చేస్తే ఎలా అనా? భాష రాదనా? ఆయన పనిలో మునిగిపోతే తను ఒంటరిదైపోతుందనా? పేరున్న భయానికి ఏదో ఒకటి చేయొచ్చు. ఆ దేశంలో ఇప్పటికే ఉంటున్న ఏ మిషనరీ భార్యతోనైనా ఫోన్లో మాట్లాడించమని సంస్థను అడగొచ్చు. ఆ మాటలు భర్తలు వినని చోట జరగాలి.

ఇష్టం లేకపోవడమే అయితే, ఆయనతో చెప్పాల్సింది ఆ అమ్మాయే. మీరు బ్రదర్‌గారికి చెప్పొద్దు. ఆయనకు చెప్పడం అన్నిటికన్నా చెడ్డ దారి. తన భార్య మనసు పరాయి ఇల్లాలి నోట విన్న మగాడు ముందు మనసు సంగతి చూడడు, పరువు సంగతి చూస్తాడు. పాస్టరుగారికి నేరుగా చెబితే పని త్వరగా జరుగుతుంది, కానీ ఆ అమ్మాయి ఇంకెప్పుడూ ఎవరిముందూ నోరు విప్పదు. మీరు చెప్పాల్సింది ఇది: "నీ మాట నేను చెప్పను. కానీ నువ్వు చెప్పేదాకా నేను నిన్ను అడుగుతూనే ఉంటాను. ఆయనతో చెప్పేటప్పుడు పక్కన కూర్చోమంటే కూర్చుంటాను." మిషనరీలను పంపే సంస్థల్లో కుటుంబాల బాగోగులు చూడటానికని మనుషులు ఉండటం ఇప్పుడు మామూలే. అలాంటి మనిషి ఉన్నారేమో కనుక్కుని నంబరు ఇవ్వండి, ఫోన్ చేసేంతసేపు చంటివాణ్ని ఎత్తుకోండి.

వీడ్కోలు కూడిక అయిపోయింది, కానుకలిచ్చారు, ఇప్పుడు మేం వెళ్లడం లేదంటే మొహం ఎలా చూపించాలి అని ఆ అమ్మాయి అంటుంది. నిజమే, సిగ్గు ఉంటుంది. ఇక్కడ ఆగిపోతే కొన్ని నెలల సిగ్గు. అక్కడికి వెళ్లి ఏడాదికే తిరిగొస్తే సిగ్గుతోపాటు పిల్లల చదువు, డబ్బు, కాపురంలో బీట కూడా. వెళ్లి నిలదొక్కుకునే అవకాశమూ ఉంది, అలా నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. లేదా ఏడాది వాయిదా అనే మధ్య దారి ఉంది. ఏది మంచిదో మీరూ నేనూ చెప్పలేం. ఈ మూడూ ఆ ఇద్దరి ముందూ ఉన్నాయా, లేక ఆయన ముందు ఒకటే ఉందా అన్నదే చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం ఒట్టు గిట్టు చూడకండి. ఆ అమ్మాయి చచ్చిపోతానని గానీ, పిల్లల్ని ఏమైనా చేసుకుంటానని గానీ అన్నా, ఆయన చేయి చేసుకుంటున్నాడని తెలిసినా, అదే రోజు చెప్పాలి. ముందు డాక్టరుకు, ఆ తర్వాతే సంఘానికి.

ఇంత రాశాక గమనించాను. మీరు మీవారితో చెప్పలేక, ఆ అమ్మాయి వాళ్లాయనతో చెప్పలేక, ఇద్దరూ ఒకే వంటగదిలో గిన్నెలు కడుగుతున్నారు. మీరు ముందు చెప్పి చూపిస్తే ఆ అమ్మాయికి ధైర్యం రావచ్చు. అందుకే ఖర్చు కాగితం పట్టుకుని నడకకు వెళ్లడం ఈ వారమే పెట్టుకోండి. అది అయ్యాకే ఆ అమ్మాయి దగ్గర కూర్చోండి.

పిల్లల సంగతి రెండు ముక్కలు. దేశాలు మారే కుటుంబాల పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేసిన డేవిడ్ పోలక్ అనే ఆయన, ఒక చోటు వదిలే ముందు నాలుగు పనులు జరగాలనేవాడు. ఎవరితోనైనా పొరపొచ్చాలుంటే తీర్చుకోవడం, మేలు చేసినవాళ్లకు ఆ మాట చెప్పడం, మనుషులకూ చోట్లకూ వస్తువులకూ వీడ్కోలు చెప్పడం, వెళ్లే చోటు గురించి ఆలోచించుకోవడం. ఇంగ్లీషులో ఆ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపితే RAFT, అంటే తెప్ప అనే మాట వస్తుంది. మీ ఇంట్లో ఉన్న పిల్లల తెప్ప నడిమధ్యలో ఆగిపోయింది. స్నేహితులకు వీడ్కోలు చెప్పేశారు, అయినా ప్రతి ఆదివారం వాళ్లే ఎదురవుతున్నారు. పెద్దబాబు ఆరాధనకు రానని మొండికేస్తున్నాడని రాశారే, అది భక్తి తగ్గి కాకపోవచ్చు. "ఇంకా వెళ్లలేదా?" అన్న ప్రశ్న తప్పించుకోవడానికేమో. ఆ ప్రశ్న అడగొద్దని పెద్దలకు మీరు చెప్పొచ్చు.

చివరగా, మీరు ఎనిమిదో పేజీలో ఏదో మాటవరసకు రాసిన సంగతి. వంటగది తలుపు కొక్కేనికి స్ప్రింగు త్రాసు వేలాడదీసి సూట్‌కేసులు తూస్తుంటారని, ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదని, పాప పెట్టె ఎప్పుడూ కిలో ఎక్కువ చూపిస్తుందని. తీరా చూస్తే అందులో అట్టపెట్టె నిండా పాత ఇంటి పెరట్లో ఏరుకున్న రాళ్లు. వాళ్లమ్మ తీసేస్తుంది, పాప రాత్రికి మళ్లీ పెట్టేస్తుంది. మీకది నవ్వొచ్చిందని రాశారు.

పాపను పిలిచి ఆ రాళ్లు మీ దగ్గర దాస్తానని చెప్పండి. ఎన్ని ఉన్నాయో పాప చేతే లెక్కపెట్టించి, కాగితం మీద రాయించి, పెట్టెలో వేయించండి. ఏ అలమరలో, ఎన్నో అరలో పెడుతున్నారో చూపించండి. ఒక్క రాయి మాత్రం, ఏదన్నది తనే ఎంచుకుని, జేబులో పెట్టుకుని వెళ్లొచ్చు. దాన్ని ఎవరూ తూచరు.